పరీక్షకి ముందు ఒక చుక్క

ఉత్తరం మంగళవారం పొద్దున వచ్చింది. మేనేజరు గారు దాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివి, ల్యాబులో కోడలని పేరుపడ్డ అమ్మాయిని గదిలోకి పిలిచారు. ఆయన మొహం చూడగానే అందులో ఏముందో ఆమెకి అర్థమైపోయింది.

"మళ్ళీ మనమేనమ్మా," అన్నారాయన. "పదకొండు ల్యాబుల్లో పదింటిదీ ఒక దారి, మనొక్కళ్ళదీ ఇంకో దారి. వాళ్ళందరికీ నలభై నుంచి నలభై ఆరు మధ్యలో వచ్చింది. మనకి అరవై ఎనిమిది."

"పోయినసారి అరవై నాలుగు," అంది కోడలు.

"అదే నేననేది! మూడో సీసా వచ్చేనెల పంపుతారట. అదీ తప్పితే ఈ పరీక్ష చేసే అనుమతి తీసేస్తారు. జాడీల గదికి తాళం పడుతుంది."

ఈ అంకెల గోలేమిటో ముందే చెప్పేస్తే మంచిది. ఫ్యాక్టరీలు వాడేసిన నీళ్ళని శుద్ధి చేసి కాలవలోకి వదులుతాయి. శుద్ధి చేశామని వాళ్ళంటారు. అందులో ఏమేమి ఉన్నాయో మిషన్లు చెబుతాయి. కానీ ఆ నీళ్ళలో ఒక ప్రాణి బతుకుతుందా లేదా అన్నది మిషను చెప్పలేదు, ప్రాణినే అడగాలి. అందుకోసం ల్యాబులో నీటిపురుగుల్ని జాడీల్లో పెంచుతారు. ఆవగింజంత కూడా ఉండవు. ఒంటికన్ను, లోపలి పేగులు బయటికి కనిపించే ఒళ్ళు, ఎగిరెగిరి దూకే నడక. పుస్తకాల్లో డాఫ్నియా అని పెద్ద పేరుంది గానీ ఆ ల్యాబులో అందరూ వాటిని పిల్లలనే అంటారు. "ఇవాళ పిల్లలు ఎంతమంది పోయారు?" అని కేకేసుకుంటూ ఉంటే కొత్తగా వచ్చిన కొరియర్ మనిషి ఒకడు సంతకం కూడా పెట్టించుకోకుండా పారిపోయాడు.

పుట్టి ఒక రోజైనా నిండని పిల్లల్ని కప్పుకి అయిదు చొప్పున వేస్తారు. నాలుగు కప్పులంటే ఇరవై. ఫ్యాక్టరీ నీళ్ళు అచ్చంగా కొన్ని కప్పుల్లో, మంచినీళ్ళు కలిపి పలచన చేసినవి మరికొన్నిట్లో. రెండు రోజుల తరవాత కప్పుని మెల్లిగా తిప్పి, పదిహేను సెకన్లు చూస్తారు. ఈదితే ఉన్నట్టు, ఈదకపోతే పోయినట్టు. నూటికి ఎన్ని వంతులు ఫ్యాక్టరీ నీళ్ళు కలిపితే సగం పిల్లలు పోతాయో అదే ఆ నీళ్ళ అంకె. అంకె చిన్నదైతే నీళ్ళు చెడ్డవి, పెద్దదైతే ఫరవాలేదు. ల్యాబులన్నీ సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడ్డానికి కిందటేడాది నుంచి ఒకే నీళ్ళని సీసాల్లో నింపి అందరికీ పంపడం మొదలుపెట్టారు. ప్రాణమున్నవాటితో పని కాబట్టి అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది, కాకపోతేనే అనుమానించాలి. కానీ అరవై ఎనిమిది అంటే అటూ ఇటూ అవడం కాదు, ఏకంగా ఊరు దాటిపోవడం.

ఇక కోడలి సంగతి. ఆమెని ల్యాబులో అందరూ కోడలనే పిలుస్తారు. జాడీల గది చూసుకునే జాడీలమ్మకి కోడలు. అత్తాకోడళ్ళు ఒక ఇంట్లో కలిసుండడమే గొప్ప విషయం, వీళ్ళు ఒకే ఆఫీసులో కూడా ఉన్నారు. మధ్యలో ఉన్న ఆ కొడుకు ఎంత ఓర్పుగలవాడో మీరే ఊహించుకోండి. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పైకీ కిందకీ తిరుగుతూ ఇరుక్కున్నవాళ్ళని విడిపించడం తన వృత్తేనని అతనే చెప్పుకుని నవ్వుతాడు.

జాడీలమ్మ ఇరవయ్యారేళ్ళ కిందట గాజుసామాను కడగడానికి చేరింది. అప్పట్లో పిల్లల్ని పెంచడం ఎవరికీ చేతకాలేదు. పెద్ద చదువులవాళ్ళు తెచ్చిన పిల్లలు వారం తిరక్కుండా తేలిపోయేవి. ఒకరోజు ఈవిడ కడిగిన జాడీలో నీళ్ళు పోసి, ఒక రోజు కదలకుండా ఉంచి, మిగిలిన నాలుగింటినీ అందులో వదిలింది. అవి నలభై అయ్యాయి, నాలుగొందలయ్యాయి. అప్పటినుంచి ఆ గది ఆవిడది. రిటైరయ్యాక కూడా ఏడాదికోసారి కాగితం రాయించుకుని వస్తూనే ఉంది. మగదిక్కు లేకుండానే అవి పిల్లల్ని కంటాయని తెలిసినప్పుడు ముక్కున వేలేసుకుని, "మొగుడి గొడవ లేని సంసారం, ఎంత పెట్టిపుట్టాయో!" అందట. భర్త పోయి పదేళ్ళయినా ఆ మాట ఇప్పటికీ అంటుంది.

ఉత్తరం సంగతి కోడలు చెప్పగానే ఆవిడ చేతిలోని గొట్టం కింద పెట్టింది.

"తాళమా? నా గదికా?"

"ఇంకా వెయ్యలేదు అత్తయ్యా. మూడోసారి తప్పితే."

"తప్పెందుకు అవుతుంది? ఆ పది ల్యాబుల పిల్లల్నీ చూశావా? బొమికలూ తోలూ. మనవి చూడు, నిగనిగలాడుతూ ఎలా ఉన్నాయో. మనదే సరైన లెక్క, తప్పు వాళ్ళదే!"

మాట గట్టిగానే ఉంది కానీ, కింద పెట్టిన గొట్టం ఆవిడ మళ్ళీ చేతిలోకి తీసుకోలేదు. ఈ గది పోతే కోడలికి పోయేదేమీ లేదు, పక్కనున్న మిషన్ల గదిలో వేస్తారు. పోయేదంతా అత్తగారికే. పొద్దున్నే ఆవిడ లేచేది ఆ జాడీల కోసమే.

ఆ వారమంతా కోడలు తప్పు ఎక్కడుందో వెతికింది. ముందు తననే అనుమానించుకుంది. పదిహేను సెకన్లు అంటే పదిహేనే చూస్తున్నానా, ఇంకో రెండు సెకన్లు ఉంటే కదులుతుందేమోనని ఆశగా ఆగుతున్నానా? గడియారం పక్కన పెట్టుకుని, మిషన్ల గది అమ్మాయిని కూర్చోబెట్టి, ఇద్దరూ ఒకే కప్పులు విడివిడిగా లెక్కపెట్టారు. ఒకటీ రెండూ తప్ప తేడా రాలేదు. నీళ్ళ గట్టిదనం చూసింది, సరిపోయింది. గదిలో వేడి చూసింది, సరిపోయింది. కప్పుల్లో సబ్బు మిగిలిందేమోనని నాకడం ఒక్కటే తక్కువ. తల ప్రాణం తోకకొచ్చింది గానీ తప్పు దొరకలేదు.

చివరికి ఉప్పు పరీక్షల పట్టిక తీసింది. తమ పిల్లలు ఎప్పటిలాగే ఉన్నాయో లేదో చూడ్డానికి ప్రతి ల్యాబూ నెలకోసారి ఒకే రకం ఉప్పుతో వాటికి పరీక్ష పెడుతుంది. వచ్చిన అంకెని చుక్కగా పెడతారు. పైన ఒక గీత, కింద ఒక గీత, మధ్యలో చుక్కలు. చుక్క గీతల మధ్య ఉంటే అంతా బాగున్నట్టు. రెండేళ్ళ చుక్కలూ గీతల మధ్యే ఉన్నాయి, నాలుగు మాత్రం కిందకి జారాయి. ఆ నాలుగింటి పక్కనా "పిల్లలు నీరసం, పరీక్ష చెల్లదు, మళ్ళీ చేశాం" అని కోడలే రాసింది.

తేదీలు చూసింది. రెండు ఆడపడుచు పురిటికి అత్తగారు వెళ్ళిన రోజులు. ఒకటి కంటి ఆపరేషన్ రోజు. ఒకటి జ్వరం.

భోజనాల దగ్గర ఈ మాట చెబితే అత్తగారి మొహం చాటంత అయింది.

"నేను లేకపోతే నీరసపడిపోతాయని ఎన్నిసార్లు చెప్పాను! విన్నావుట్రా?" అంది కొడుకుతో. "మీ మేనేజరుకి చెప్పు, నాకు సెలవులివ్వద్దని."

"అమ్మ లేకపోతే నేనూ నీరసపడతాను," అన్నాడు కొడుకు కంచంలోంచి తలెత్తకుండా. "వంట మా ఆవిడ చేస్తుంది కదా."

కోడలు అతని కాలు తొక్కింది. నవ్వుకున్నారు. ఆ రోజుకి ఆ మాట అక్కడితో ముగిసింది.

మర్నాడు పొద్దున బస్సుకి ఆలస్యమైపోతోంది. కోడలు సంచీ భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. అత్తగారు వెనకనుంచి వచ్చి జబ్బ పట్టుకుని ఆపింది. చేతిలో ముద్ద.

"ఖాళీ కడుపుతో ఎక్కడికే? నోరు తెరు."

"అత్తయ్యా, బస్సు పోతుంది."

"పోతే ఇంకోటి వస్తుంది. ఖాళీ కడుపుతో నా గడప ఎవరూ దాటరు. నా పిల్లలు ఒక్క పరీక్షకైనా తినకుండా వెళ్ళారేమో వాణ్ణే అడుగు."

ముద్ద నోట్లో పడింది. కోడలు నవులుతూ రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగిపోయింది. 

అత్తగారు లేని రోజుల్లో పరీక్షకి పిల్లల్ని వేరు చేసేది కోడలే. తల్లుల దగ్గర్నుంచి తీసి, గిన్నెలో ఉంచి, కప్పుల్లో వేసేది. అత్తగారున్న రోజుల్లో ఆ పని ఆవిడది. గిన్నె తయారుగా బల్ల మీదకి వచ్చేస్తుంది. ఆ గిన్నెలో ఏం జరుగుతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని తట్టనే లేదు. అత్తగారి వంటింట్లో గిన్నె మూత తీసి చూసే కోడలు ఎవరుంటారు?

ల్యాబు చేరేసరికి తొమ్మిదైంది. అత్తగారు కూడా తరవాతి బస్సులో వచ్చి, ఏప్రన్ కట్టుకుని, జాడీల ముందు నిలబడింది. గది చల్లగా ఉంది. పొడుగాటి బల్లల మీద నలభై జాడీలు, ఒక్కోదానికీ చీటీ, పైన తెల్లటి ట్యూబులైట్లు. కోడలు తలుపు దగ్గరికి వేసింది.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. పరీక్షకి పిల్లల్ని ఇచ్చేముందు వాటికి ఏమైనా పెడతారా?"

జాడీలమ్మ వెనక్కి తిరగను కూడా తిరగలేదు.

"పెట్టనా మరి? ఒక్క చుక్క. నాచు నీళ్ళు. అంతే."

"ప్రతిసారీనా?"

"ఏం, నేనేమన్నా దొంగతనం చేశానా? రెండు రోజులు తిండీ తిప్పలూ లేకుండా విషంలో పడేస్తారు. పుట్టి పూటైనా కాలేదు. ఒక్క చుక్క పెట్టి పంపితే మీ సొమ్మేం పోయింది?"

కోడలు గోడవైపు చెయ్యి చూపించింది.

"పరీక్ష పిల్లలకి తిండి పెట్టకూడదని గోడ మీద కాగితం అంటించి ఉంది కదా."

"అది కప్పులో వేశాక అని రాసుంది. చదవడం నాకూ వచ్చు. కప్పులో నేను పెట్టలేదు. గిన్నెలో పెట్టాను."

మాట నిజమే. కాగితంలో అలాగే ఉంది. రాసినవాడికి ఇలాంటి అత్తగారు ఉండి ఉండదు, లేకపోతే ఇంకో వాక్యం రాసేవాడు.

కోడలు నెమ్మదిగా చెప్పింది. కడుపు నిండిన పిల్ల విషాన్ని ఎక్కువ తట్టుకుంటుంది. పైగా పిల్లలతో పాటు కప్పులోకి వచ్చిన నాచు కొంత విషాన్ని తనే పీల్చేసుకుంటుంది. మిగతా పది ల్యాబుల్లో పిల్లలు నలభై రెండుకే పడిపోతుంటే తమవి అరవై ఎనిమిది దాకా నిలబడుతున్నాయి. కిందకి జారిన ఆ నాలుగు చుక్కలే ఒప్పు. తప్పు పైనున్న చుక్కలన్నిటిదీ. గీతలు కూడా ఆ తప్పు చుక్కల్ని బట్టి గీసుకున్నవే కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు.

జాడీలమ్మ విన్నంతసేపూ గిన్నె తుడుస్తూనే ఉంది. పొడిగా ఉన్న గిన్నెనే తుడిచింది.

"అయితే కాలవలో ఉన్నవాటికి తిండి దొరకదా?" అంది చివరికి. "అక్కడ నాచు లేదా? తింటూనే కదా బతుకుతాయి. అప్పుడు నా లెక్కే నిజానికి దగ్గర!"

 అత్తగారికి చదువు లేదని ఎవరైనా అంటే వాళ్ళని ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాలనిపించింది కోడలికి.

"అయ్యుండొచ్చు," అంది. "కానీ అప్పుడు పదకొండుమందీ పెట్టాలి. ఎవరి కుంచంతో వాళ్ళు కొలిస్తే ఆ అంకెకి అర్థమేముంది? అంకె ఇంతకంటే తగ్గితే కాలవలోకి వదలద్దని గీత గీసినవాళ్ళు పస్తున్న పిల్లల లెక్కతో గీశారు. మనం తిన్న పిల్లల లెక్క పంపించాం. మనకి పరీక్షకొచ్చే రంగుల ఫ్యాక్టరీ నీళ్ళు ప్రతిసారీ మన దగ్గర పాసయ్యాయి అత్తయ్యా. అచ్చం నీళ్ళలో వేసినా సగం కూడా పోలేదని నేనే సంతకం పెట్టాను."

జాడీలమ్మ గిన్నె బోర్లించి పెట్టి, జాడీల చీటీలు సరిచేసుకుంటూ వరస చివరికి వెళ్ళిపోయింది.

మూడో సీసా వచ్చింది. ఈసారి పిల్లల్ని వేరుచేసేటప్పుడు కోడలు పక్కనే నిలబడింది. అత్తగారు నాచు సీసా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో ఆ మెడ బిగదీసుకున్న తీరులోనే తెలుస్తోంది. గిన్నె ఇస్తూ, "పొండి," అంది పిల్లలతో. రెండు రోజుల తరవాత లెక్క నలభై అయిదు వచ్చింది. వారానికి మిగతావాళ్ళ అంకెలు కూడా వచ్చాయి. నలభై అయిదు సరిగ్గా మధ్యలో ఉంది.

మేనేజరు గారు ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ.

"గండం గడిచింది! ఇదిగో అమ్మా, ఈ ఫారం నింపేస్తే అయిపోయింది. మునుపటి తేడాకి కారణం అని ఒక గడి ఉంది. కొత్త నీళ్ళ ట్యాంకు మార్చాం అని రాసెయ్యండి. కిందటి నెల నిజంగానే మార్చాం కదా."

"అది కారణం కాదు కదండీ."

ఆయన ఆమె వంక చూసి, తలుపు వంక చూసి, గొంతు తగ్గించారు.

"కారణం ఏదో నేను అడగడం లేదు. అడిగితే మీరు చెబుతారు. చెబితే నేను పాత రిపోర్టులన్నీ తిరగతోడాలి. సోమవారం లోపల ఇవ్వండి."

మంచి మనిషే ఆయన. కాకపోతే మంచితనంతో పాటు భయం కూడా సమానంగా ఉంది.

ఆ ఆదివారం ఇంట్లో పెద్ద రభసే జరిగింది. నిజం రాస్తానని కోడలు చెప్పింది.

"ఇప్పుడు సరిగ్గా వస్తోంది కదా," అన్నాడు కొడుకు. "ఇకమీద పెట్టదు కదా. ఎందుకు కెలుక్కోవడం?"

"రంగుల ఫ్యాక్టరీ నీళ్ళు ఇంకా కాలవలోకి పోతున్నాయి, నా సంతకంతో," అంది కోడలు.

జాడీలమ్మ కుర్చీలోంచి లేచింది.

"రాయి. రాసుకో! ఇరవయ్యారేళ్ళు కడుపున పుట్టినవాటిలా సాకితే, ఇంటి కోడలివై ఉండి నువ్వే నన్ను బయటికి గెంటించు. ఆ గది లేకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలే? ఈ గోడలు చూస్తూ కూర్చోవాలా?"

ఆ మాటతో ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కోడలు కూడా ఏడ్చేసింది. అత్తగారంటే ఆమెకి ఇష్టం, అది దాచుకునే రకం కాదు. కొడుకు ఇద్దరి మధ్యా నిలబడి, ఎవర్ని ముందు ఓదార్చాలో తెలియక, వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి తనే తాగేశాడు.

సోమవారం పొద్దున గడప దగ్గర ముద్ద లేదు. పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. కోడలు ఖాళీ కడుపుతో బస్సెక్కింది.

ఫారం గడిలో ఆమె రెండే వాక్యాలు రాసింది. పరీక్షకి ముందు పిల్లలకి తిండి పెట్టడం జరిగింది. మొదటి రెండు సీసాలకీ, అంతకుముందు పరీక్షలకీ ఇదే జరిగింది. రాసి మేనేజరు గారి బల్ల మీద పెట్టింది. ఆయన చదువుకుని కళ్ళజోడు తీసేశారు.

"ఎవరు పెట్టారు?"

కోడలు బల్ల అంచు పట్టుకుంది. దారి పొడుగునా అనుకున్న మాట వేరు, నోటికొచ్చిన మాట వేరు.

"మేమండీ," అంది. "మేమందరం. అలా అలవాటైపోయింది."

"మేమేంటి, మేము!"

ఇద్దరూ తల తిప్పారు. గుమ్మంలో జాడీలమ్మ, ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ.

"నేను పెట్టాను. మొదట్నుంచీ, ప్రతిసారీ. దానికసలు తెలీదు." ఆవిడ లోపలికొచ్చి కోడలి పక్కన నిలబడింది. "బాబూ, ఈ పిల్ల ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పని చేశాను. కప్పుల్లో పందొమ్మిది వేసి, ఇరవై అని రాసిన కాగితంతో ఇచ్చాను. ఇదివరకు ఉన్నవాళ్ళంతా లెక్కపెట్టకుండానే ఇరవైకి సంతకం పెట్టేవాళ్ళు. ఇది మూడుసార్లు లెక్కపెట్టి, ఇరవై కొట్టేసి, పందొమ్మిది రాసి పక్కన సంతకం చేసింది. ఆ ఆదివారమే మా వాణ్ణి వెంటబెట్టుకుని వీళ్ళింటికి వెళ్ళాను. అప్పుడు పందొమ్మిదిని ఇరవై అనలేదు. ఇవాళ ఒక్కదాన్ని పట్టుకుని అందరం అంటోంది. నా ఇంట్లో ఉండి ఇదేనా నేర్చుకుంది?"

మేనేజరు గారు ఫారం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.  అత్తగారు కోడలి వీపు మీద గట్టిగా ఒకటి చరిచి, జాడీలు తుడవాలంటూ వెళ్ళిపోయింది.

అనుమతి పోలేదు. నిజం చెప్పినందుకు పైవాళ్ళు ఆ ఒక్కటీ వదిలేశారు. కానీ మిగతావేవీ వదల్లేదు. పాత రిపోర్టులన్నీ తిరగతోడమన్నారు. ఇప్పటికీ కాలవలోకి నీళ్ళు వదులుతున్న ఫ్యాక్టరీలకి ముందు మళ్ళీ పరీక్ష చెయ్యమన్నారు. రిటైరైన మనిషి కాగితం ఇక పొడిగించవద్దన్నారు. చివరి రోజున జాడీలమ్మ నలభై జాడీలనీ కోడలికి ఒక్కొక్కటిగా చూపించి అప్పగించింది. ఏది బద్ధకంగా ఉంటుంది, ఏది తొందరగా మురికి పడుతుంది, ఏ మూల గాలికి దూరంగా ఉంచాలి, అన్నీ చెప్పింది. ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి, దీపం ఆర్పబోయి, పిల్లలకి వెలుతురుండాలి, ఆర్పకూడదని గుర్తొచ్చి ఊరుకుంది.

రంగుల ఫ్యాక్టరీ నీళ్ళు పదిహేను రోజుల తరవాత వచ్చాయి. కోడలే పిల్లల్ని వేరుచేసింది, రెండు రోజులయ్యాక కోడలే లెక్కపెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూంటే, వంటింట్లోంచి అత్తగారు అడిగింది.

"రంగుల నీళ్ళ లెక్క ఇవాళే కదూ? అచ్చం నీళ్ళ కప్పుల్లో ఎన్ని పోయాయి?"

చిన్న అంకె చెప్పేద్దామా అని కోడలికి ఒక్క క్షణం అనిపించింది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

"పదిహేడు, అత్తయ్యా. ఇరవైలో."

జాడీలమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ నీళ్ళు తన చుక్క వల్ల ఎన్నిసార్లు పాసయ్యాయో లెక్క ఆవిడకీ తెలుసు. అందరికీ వడ్డించింది. తన కంచం మాత్రం పెట్టుకోలేదు. కొడుకు రెండుసార్లు పిలిచాడు.

"ఆకలి లేదురా," అంది.

ఎవరి కడుపూ ఖాళీగా ఉండనివ్వని మనిషి ఆ పూట తినకుండానే పడుకుంది. 

మర్నాడు పొద్దున కోడలు సంచీ వేసుకుని గుమ్మం దాటబోతూంటే జబ్బ మీద చెయ్యి పడింది. అత్తగారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో ముద్ద ఉంది గానీ చెయ్యి ఇంకా పైకి లేవలేదు.

"వాటికి ఏమీ పెట్టలేదు కదా?"

"లేదు అత్తయ్యా. ఒక్క చుక్క కూడా."

"ఇవాళ కూడా పెట్టకు."

"పెట్టను."

జాడీలమ్మ తలూపింది. ముద్ద ఎత్తింది.

"నువ్వు నోరు తెరు."